ప్లగ్గుల మీద ఆయిల్, షెడ్డులో ఆగిన బోట్లు: ఉన్న సంగతి

ప్లగ్గులకు ఆయిల్ పడుతోందని పాత పెట్రోల్ ఇన్‌బోర్డ్ (బోటు లోపలే బిగించిన) ఇంజన్లున్న బోట్లు మా దగ్గర వదిలినవాళ్లకు ఈ కబురు. చెప్పిన గడువుకు ఇవ్వలేం. ఆగింది వాల్వు సీళ్ల దగ్గర, అంటే వాల్వు కాడ వెంట ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు మూతల దగ్గర. "రెండు రబ్బరు ముక్కలకు ఇంత ఆలస్యమా" అన్నారు కొందరు. ఆ మాట గుచ్చుకుంది కాబట్టి విడమరిచే చెబుతున్నాం.

మేం ఆర్డరిచ్చింది ఎఫ్‌కేఎం అనే, వేడికి ఓర్చే రబ్బరు సీళ్లు. వాల్వు గైడును (వాల్వు కాడ ఆడే గొట్టాన్ని) బిగిగా పట్టుకునే రకం, అంచు చుట్టూ సన్నటి స్ప్రింగు ఉండేవి. పెట్టె మీద అదే రాసుంది. విప్పితే మామూలు నైట్రైల్ రబ్బరు, స్ప్రింగు లేదు. గైడు మీద పెట్టి వేలితో నొక్కితే కూర్చుంది, వేలితో లాగితే ఊడొచ్చింది. సరైన సీలును సాకెట్ ఆనించి మెల్లగా తట్టి దించాలి, చేత్తో పీకితే రాదు. వదులు సీలు ఇంజన్ తిరిగేటప్పుడు గైడును వదిలేసి వాల్వు కాడతో పాటే పైకీ కిందికీ ఆడుతుంది. ఇక అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పైగా నైట్రైల్ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటితే గట్టిపడి పగుళ్లిస్తుంది, ఎఫ్‌కేఎం 200 దాకా ఓర్చుకుంటుంది. ఎగ్జాస్టు వాల్వు దగ్గర ఈ తేడా చిన్నది కాదు. సరఫరాదారును నిలదీస్తే "అందరూ ఇవే వేస్తున్నారు" అని జవాబు. అందరూ వేస్తే మేమూ వేయాలా?

నిజానికి చాలా ఊగిసలాడాం. వీటినే వేసి బోట్లు ఇచ్చేస్తే పొగ కొన్నాళ్లు తగ్గేది, మీరూ సంతోషించేవారు. ఆయిల్‌ను ఎక్కువగా లోపలికి లాగేది ఇన్‌టేక్ వైపు వ్యాక్యూమే కదా, అక్కడ నైట్రైల్ వేసి ఎగ్జాస్టు వైపు మాత్రం మంచివి వచ్చాక వేద్దామా అని కూడా లెక్కలేశాం. కానీ రబ్బరు సంగతి సర్దుకున్నా వదులు సర్దుకోలేం. ఇన్‌టేక్ వైపు కూడా అది నిలవదు. మళ్లీ టాపెట్ కవర్లు విప్పి, సిలిండర్‌లోకి గాలి పట్టి వాల్వు కిందికి జారకుండా నిలిపి, స్ప్రింగులు నొక్కి, మొత్తం పని రెండోసారి. సరుకు తిప్పి పంపేశాం. సరైనవి వచ్చాకే బిగిస్తాం. అంతవరకు ఎవరు తొందరపెట్టినా ఇంతే.

"అసలు సీళ్లేనని గ్యారంటీ ఏంటి, ఇంజన్ బోరుకొచ్చిందేమో (సిలిండర్లు అరిగిపోయాయేమో)" అన్నవాళ్లకు ఇది. ఆయిల్ ప్లగ్గు మరల మీద, పింగాణీ మీద మాత్రమే ఉంటే అది టాపెట్ కవర్ గాస్కెట్ కారడం, లోపలి జబ్బు కాదు. ప్లగ్గు ముక్కు తడిగా ఉంటేనే లోపలిది. ఆ తడిని తెల్లకాగితం మీద అద్దితే పెట్రోల్ ఆరిపోతుంది, ఆయిల్ జిడ్డు మరకై నిలుస్తుంది. పొడి నల్లమసి అయితే పెట్రోల్ ఎక్కువ పోతోందని, ఆయిల్ గొడవ కాదు. నిల్వకు ముందు తుప్పు పట్టకుండా లోపల ఫాగింగ్ ఆయిల్ కొట్టిన ఇంజన్‌లో మొదటిసారి ప్లగ్గులు తడవడం మామూలే.

తర్వాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల), బ్రీదర్ గొట్టం (ఇంజన్ అడుగు గదిలోని ఆవిరి బయటికి పోయే దారి). ట్రైలర్ మీద ముక్కు పైకెత్తి ఉన్న బోటులో డిప్‌స్టిక్ తప్పు చెబుతుంది, దాన్ని నమ్మి ఎక్కువ పోసేస్తారు. వీ ఇంజన్లలో బ్రీదర్ దారులన్నీ మూసి నడిపినప్పుడు ఆయిల్ పోసే మూతి దగ్గర చెయ్యి లోపలికి గుంజుకుంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ లోపల్నుంచి ఆయిల్ తాగుతోందని అర్థం.

కంప్రెషన్ పరీక్ష వేడి ఇంజన్ మీద, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కాయిల్ వైరు ఎర్త్ చేసి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన సిలిండర్ కనీసం ఎక్కువ వచ్చినదాంట్లో 75 శాతం చూపాలి. తక్కువ వచ్చినదాంట్లో 5 మి.లీ. ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, పెరిగితే రింగులు, బోరు. పెరక్కపోతే వాల్వు లేదా హెడ్ గాస్కెట్. ఒక జాగ్రత్త: స్టార్ట్ చేయకుండా సెల్ఫ్ కొడుతూ పోతే పంపు తోడిన నీళ్లు ఎగ్జాస్టులో నిండి వెనక్కి సిలిండర్లలోకి వస్తాయి. సీకాక్ (బయటి నీళ్లు ఇంజన్‌కు వచ్చే కుళాయి) మూసి, కొద్దికొద్దిగా కొట్టాలి. పని అయ్యాక తెరవాలి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడ. ఆయిల్ తాగే సిలిండర్ కంప్రెషన్ తరచూ బాగానే చూపిస్తుంది, ఎందుకంటే ఆ ఆయిలే సందుల్ని పూడుస్తుంది. నెలల తరబడి కదలని బోటులో ఆయిల్ రింగు జిడ్డుపట్టి బిగుసుకున్నా పై రింగులు గేజిని నిలబెట్టేస్తాయి. అందుకే పొగ కూడా చూస్తాం. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ, లేదా ఐడ్లింగ్ తర్వాత థ్రాటిల్ ఇవ్వగానే గుప్పుమంటే సీళ్లు, గైడ్లు. లోడు మీద ఆగకుండా పొగ వస్తూ బ్రీదర్‌లో ఒత్తిడి కొడుతుంటే రింగులు. షెడ్డులో ఆగినవన్నీ మొదటి రకం.

వేడి రేంజి ప్లగ్గులు (ముక్కు ఎక్కువ వేడిగా ఉండే రకం) వేసి పంపమని అడగొద్దు. ఆయిల్‌ను కాల్చేసి నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది. బోటు ఇంజన్ ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్న లారీలా లోడు మీదే ఉంటుంది. ఆ వేడికి ప్రీ-ఇగ్నిషన్ (స్పార్కు కన్నా ముందే మంట అంటుకోవడం) వచ్చి పిస్టన్‌కు చిల్లు పడితే సీళ్ల బేరం బోరింగు దాకా పోతుంది. టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డుల లెక్క వేరు, వాటి పెట్రోల్‌లోనే ఆయిల్ ఉంటుంది.

బోటు వెంటనే కావాలంటే తీసుకెళ్లండి, పాత సీళ్లతోనే ఇస్తాం. బయల్దేరే ప్రతిసారీ ఆయిల్ చూడండి, అదే నంబరు ప్లగ్గుల సెట్టు ఒకటి దగ్గర పెట్టుకోండి, గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో ఉంచకండి. కొత్తగా తెచ్చేవాళ్లు ప్లగ్గులు కడగకుండా, ఏ సిలిండర్‌దో నంబరు రాసి, విడివిడిగా చుట్టి తీసుకురండి. శుభ్రం చేసిన ప్లగ్గు మాకేమీ చెప్పదు.