హార్డ్‌టాప్ కారితే కొత్త బీడింగ్ ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే ఈ ఓపెన్ కార్ల మీద ఊడదీసి పెట్టుకునే గట్టి కప్పు, అంటే హార్డ్‌టాప్ గురించి అందులో రెండే వాక్యాలున్నాయి: పైన పెట్టి క్లిప్పులు బిగిస్తే సరి, నీళ్లు కారితే బీడింగ్ (అంచు రబ్బరు) మార్చుకోవాలి. అది నమ్మి పనికి దిగితే టాపూ పాడవుతుంది, ముందు అద్దం ఫ్రేమూ వంగుతుంది. కారడానికి అసలు కారణం చాలాసార్లు టాప్‌లో ఉండదు, దాని కింద ఉన్న కారులో ఉంటుంది.

ముందు రకాలు. ఎంజీబీ (1962–80)కి, ఎంజీ మిడ్జెట్‌కి, జాగ్వార్ ఈ-టైప్‌కి ఎక్కువగా కనిపించేవి ఫైబర్‌గ్లాస్ టాప్‌లు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, టీఆర్6, స్టాగ్‌లకు కంపెనీ ఇచ్చినవి స్టీలువి. స్టాగ్ టాప్ ఇద్దరు మోయడమే కష్టం, అందుకే చాలామంది గ్యారేజీ పైకప్పుకి కప్పీ కట్టి ఎత్తుతారు. స్పిట్‌ఫైర్‌లో మార్క్ 3 దాకా ఒక ఆకారం, 1970లో వచ్చిన మార్క్ 4 నుంచి మరో ఆకారం. పేరొక్కటే కదా అని చూడకుండా కొంటే చేతిలో మిగిలేది గోడకి ఆనించుకునే వస్తువే.

బిగింపు విషయానికొస్తే, టాప్‌ని ముట్టుకోకముందే డోర్లు సరిచూడాలి. కీళ్లు జారి డోరు వెనకవైపు కిందికి దిగితే దాని గ్లాసు కూడా వాలుతుంది, అప్పుడు పై అంచు టాప్ రబ్బరుకి ఒకచోట గట్టిగా తగిలి మరోచోట తగలనే తగలదు. తర్వాత ముందు అద్దం ఫ్రేము వాలు. ఎంజీబీలో ఆ అల్యూమినియం ఫ్రేము కాళ్లు డ్యాష్‌బోర్డు పక్కన బోల్టులతో నిలుస్తాయి. ఎప్పుడో విప్పి బిగించినప్పుడు వాలు కొద్దిగా మారినా పై అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పెద్దదవుతుంది. టాప్ ముందు అంచు ఫ్రేము మీద సరిగ్గా కూర్చోకపోతే క్లిప్పులతో లాగి కూర్చోబెట్టాలని చూస్తారు. తప్పంతా అక్కడే మొదలవుతుంది. ఫ్రేము వంగుతుంది, లేకపోతే క్లిప్పు చుట్టూ ఫైబర్ పగులుతుంది.

కాబట్టి మొదటిసారి టాప్‌ని ఏ రబ్బరూ లేకుండా పెట్టి చూడాలి. పెయింటు గీసుకుపోకుండా అది ఆనే చోటల్లా మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయాలి. టాప్‌కీ కారుకీ మధ్య సందు నాలుగు వైపులా కొలిచి చాక్‌పీసుతో టాప్ మీదే రాసుకోవాలి. సందు అంతటా దాదాపు ఒకేలా ఉంటేనే రబ్బరు పని చేస్తుంది. బోలు రబ్బరైనా, స్పాంజి రబ్బరైనా తన మందంలో మూడో వంతు నుంచి సగం దాకా నొక్కుకుంటే నీళ్లను ఆపుతుంది. అంతకన్నా తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే టాప్‌ని పైకి నెడుతుంది. స్పాంజి వాడితే రంధ్రాలు మూసుకుని ఉండే రకమే వాడాలి. మామూలు స్పాంజి నీళ్లు తాగి పట్టుకుంటుంది, దాని కింది రేకు తుప్పు పడుతుంది.

రబ్బరు వేశాక వెనక బోల్టులు రెండు మూడు మరలు మాత్రమే ఎక్కించి వదిలేయాలి. తర్వాత ముందు క్లిప్పులు, ఆపైన పక్క బ్రాకెట్లు. అన్నీ చోటు దొరకబుచ్చుకున్నాకే వెనకవి బిగించాలి. వెనక ముందే బిగించేస్తే టాప్ ముందుకి జరిగే వీలుండదు. కొత్త రబ్బరుతో మొదట్లో క్లిప్పు పడదు, గ్లాసు పైకి రాదు. సర్దుబాట్లు మార్చేయకుండా రెండు రోజులు ఎండలో ఉంచితే రబ్బరు ఒదుగుతుంది. గ్లాసు సర్దుబాటు చిట్టచివర.

ఏ ఒక్క బోల్టూ మానేయకూడదు. కారు వేగం మీద ఉన్నప్పుడు పైనుంచి పోయే గాలికి కప్పు మీద ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి టాప్‌ని పైకి నెడుతుంది. ముందు క్లిప్పుల మీదే ఆధారపడి రోడ్డెక్కడం ప్రమాదం.

ఆ బోల్టుల మరలు కూడా చూడాలి. ఈ కార్లలో ఎక్కువగా ఉండేవి యూఎన్ఎఫ్ మరలు, అంటే అంగుళాల కొలతలో ఉండే సన్న మరలు. పావు అంగుళం యూఎన్ఎఫ్ 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి 28 మరలు. చేతికందిన ఎం6 (ఆరు మిల్లీమీటర్ల) బోల్టు దాంట్లోకి తేలిగ్గానే దిగుతుంది, వదులుగా ఉన్నా బిగిసినట్టే అనిపిస్తుంది. రెండోసారి స్పానర్ పెట్టగానే నట్టు మర పోతుంది. ఆ నట్టు ఫైబర్ లోపల పాతేసిన స్టీలు పలకకి అతికి ఉంటే దాన్ని బయటికి తీయడానికి లోపలి లైనింగ్ మొత్తం విప్పాలి.

ఫైబర్ టాప్‌లకు పెద్ద శత్రువు ఆ పలకే. తుప్పు పట్టి ఉబ్బుతుంది, పొరల్ని చీలుస్తుంది. బయట సన్నని గీత కనిపించగానే పుట్టీ పెట్టి రంగు వేసేస్తారు. టాప్ అటూ ఇటూ ఊగే ప్రతిసారీ ఆ గీత కదులుతుంది కాబట్టి కొన్ని నెలల్లో రంగు మీద మళ్లీ అదే గీత వస్తుంది. చేయాల్సిందేమిటంటే, లోపలివైపు నుంచి కోసి పాత పలక తీసేయాలి, స్టెయిన్‌లెస్ పలక పెట్టాలి. పగులు చుట్టూ రంగు, పాత జిగురు పూర్తిగా గీకి, ఫైబర్ మందానికి పది పన్నెండు రెట్ల వెడల్పున వాలుగా అరగదీయాలి. మూడు మిల్లీమీటర్ల మందముంటే పగులుకి ఒక్కో పక్క మూడు, మూడున్నర సెంటీమీటర్లు. ఈ వాలు లేకపోతే కొత్త పొర పాతదానికి అంచు మీదే అతుకుతుంది, అక్కడే ఊడొస్తుంది.

చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజు పోగుల మ్యాట్ ఒక్కో పొర సుమారు మిల్లీమీటరు మందం ఇస్తుంది. తూకంలో మ్యాట్‌కి రెండు, రెండున్నర రెట్లు పాలియెస్టర్ రెజిన్ (పోగుల్ని అతికించే ద్రవం) పడుతుంది. అంతకన్నా ఎక్కువ పోస్తే బలం రాదు, పెళుసవుతుంది. రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ అందులో ఒకటి, రెండు శాతం. చలిగా ఉందని నాలుగైదు శాతం పోస్తే తొందరగా గట్టిపడినట్టు కనిపించి తర్వాత బీటలిస్తుంది. గది 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఆ రోజు పని మానుకోవడమే మంచిది. గాలి తగిలే పైపొర జిగటగా మిగులుతుంది, అసిటోన్‌తో తుడిచాకే గరుకు కాగితం పట్టాలి. మామూలు మ్యాట్‌ని ఎపాక్సీ అనే మరో రకం రెజిన్‌తో వాడకూడదు. దాని పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకంలోనే కరుగుతుంది, ఎపాక్సీలో కరగక మ్యాట్ బిర్రుగా ఉండిపోతుంది. ఎపాక్సీ అయితే గాజు పోగులతో నేసిన గుడ్డ వాడాలి. ఇంకో మాట: హార్డెనర్‌నీ కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవాన్నీ) నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకూడదు, పేలుతుంది.

స్టీలు టాప్‌లలో చూడాల్సిన చోట్లు తక్కువే: నీళ్లు జారే కాలువ, వెనక అద్దం కింది మూలలు, లైనింగ్ వెనక తడి ఉండిపోయే చోట్లు.

వెనక అద్దం ఎక్కించాలంటే రబ్బరుని ముందు అద్దానికి తొడగాలి. టాప్ అంచు కూర్చునే గాడిలో ఐదు మిల్లీమీటర్ల తాడు చుట్టూ పెట్టి, కొసలు కింద మధ్యలో కలిసేలా లోపలికి వదలాలి. సబ్బు నీళ్లు రాసి, ఒకరు బయటినుంచి అరచేత్తో నొక్కుతుంటే మరొకరు లోపలినుంచి తాడు లాగాలి. తాడుతో పాటు రబ్బరు పెదవి అంచు మీదికి ఎక్కుతుంది. రబ్బరు గాడిలోకి దూర్చి దాన్ని బిగించే లాక్ స్ట్రిప్పు ఉంటే అది ఆఖర్న. కొన్ని టాప్‌లలో గాజు బదులు యాక్రిలిక్ ఉంటుంది, దానికి థిన్నర్ గుడ్డ తగిలితే మసకబారి సన్నని బీటలు వస్తాయి.

అంతా అయ్యాక రబ్బరు మీద టాల్కం పౌడరు రాసి, టాప్ బిగించి మళ్లీ విప్పితే ఎక్కడ తగల్లేదో తెలుస్తుంది. ఆ తర్వాతే నీళ్ల పైపు, అదీ కిందినుంచి పైకి. మొదటే పైన పోస్తే నీళ్లు ఎక్కడ దూరాయో అంతుపట్టదు.

టాప్ విప్పి దాచేటప్పుడు రెండు కొనల మీద నిలబెట్టకుండా అంచంతా ఆనేలా పెట్టాలి, లేకపోతే ఫైబర్‌ది మెల్లగా పక్కలకి విచ్చుకుంటుంది. బిగించేటప్పుడు కింద మడిచి ఉన్న గుడ్డ టాప్ పూర్తిగా ఆరిందో లేదో చూడాలి. తడిగా మడిస్తే బూజు పడుతుంది, దాని ప్లాస్టిక్ కిటికీ మీద పడ్డ మడత మళ్లీ పోదు.

భవదీయులు,
పాత కార్ల బాడీ పని తెలిసిన పాఠకులు