నీ గొంతు నాకూ ఉంది, అమ్మణ్ణీ

కావలి.

చిరంజీవి అమ్మణ్ణికి అమ్మ ఆశీర్వదించి రాసేది,

ఇక్కడ మేం కులాసా. మీ నాన్న మోకాలు కాస్త నయం, సాయంత్రం స్టేషన్ దాకా నడిచి వస్తున్నారు. అసలు సంగతి ఫోన్లో మొదలుపెడితే ఆఫీసులో ఉన్నానంటావు, అందుకే కాగితం తీశాను.

దసరాకి వచ్చినప్పుడు హాల్లో ఆ మాటకు పలికే స్పీకర్ని నీ అకౌంట్‌తో పెట్టి, నీ గొంతు నేర్పి పోయావు కదా. మొన్న సాయంత్రం రేపు ఏముందని దాన్ని ఇంగ్లీషులో అడిగాను, ఏకాదశేమోనని. అది నీ పేరు పెట్టి పలకరించి, రేపు పదకొండు గంటలకు బెంగళూరు వాళ్ళతో ఇంటర్వ్యూ ఉందని చదివింది. ఎదురింటి అత్త కాఫీ గ్లాసు పట్టుకుని నా మొహంలోకే చూస్తూ ఉంది. ఈపాటికి ఆ కబురు వీధి చివరి దాకా పోయి ఉంటుంది.

ఎట్టా చేశావని అడగను. ఉద్యోగం మారాలనుకుంటే మారు, చెప్పాలనిపించినప్పుడు చెప్పు. మీ నాన్నకు నేను చెప్పలేదు. అత్త చెబితే నా పూచీ లేదు.

నన్ను నువ్వనుకుందని దాన్ని పెద్దగా తప్పు పట్టలేం. ల్యాండ్‌లైన్ రోజుల్లో మీ మామే నువ్వనుకుని నన్ను 'ఏమే, పరీక్షలు ఎట్టా రాశావు' అని అడిగేవాడు. ఇది ఎట్టా పని చేస్తుందో చదివి చూశాను. ముందు తన పేరు వినపడిందా అని మాత్రం అది చెవి ఒగ్గి ఉంటుంది, అది ఎవరు పిలిచినా లేస్తుంది. ఆ తర్వాత, నువ్వు నేర్పిన నాలుగు మాటలతో పోల్చి ఇది ఎవరి గొంతని చూస్తుంది. మరీ గట్టిగా చూస్తే నీకు జలుబు చేసిన రోజు నిన్నే పోల్చుకోదు. అందుకని కాస్త వదులుగా ఉంచుతారు, ఆ సందులో అమ్మలూ అక్కచెల్లెళ్ళూ దూరిపోతారు. నీలాంటి గొంతుగానీ రికార్డింగుగానీ దాన్ని ఏమార్చవచ్చని గొంతు నేర్పేటప్పుడు వచ్చే తెరమీదే రాసి ఉంటుందట. ఎవరు చదివారు!

2017 జనవరిలో అమెరికాలో ఒక తమాషా జరిగింది. డాలస్‌లో ఆరేళ్ళ పాప అలెక్సా అనే ఇట్లాంటి స్పీకర్‌తో ముచ్చట్లాడితే ఇంటికి బొమ్మరిల్లు వచ్చిందట. శాన్ డియేగో టీవీలో ఆ వార్త చెబుతూ యాంకర్ అలెక్సా పేరూ బొమ్మరిల్లు మాటా కలిపి పలికేసరికి, చూసేవాళ్ళ ఇళ్ళలో ఉన్నవి కూడా బొమ్మరిల్లు ఆర్డరు పెట్టబోయాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ వాళ్ళు కావాలనే తమ ప్రకటనలో గూగుల్ స్పీకర్లను లేపే 'ఓకే గూగుల్' అనే మాట అనిపించారు. ఇళ్ళలో స్పీకర్లు లేచి వాళ్ళ బర్గర్ గురించి చదవడం మొదలుపెట్టాయి. గూగుల్ కొన్ని గంటల్లోనే దాన్ని ఆపింది. టీవీ గొంతుకే లేచేదానికి కన్నతల్లి గొంతు ఒక లెక్కా?

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. నీ క్యాలెండరూ మెసేజీలూ దానికి అందకుండా ఆపెయ్. వీలైతే మొత్తం నీ అకౌంట్ తీసేసి నాది పెట్టు, నా క్యాలెండర్లో దాచుకునేవేం లేవు. నోటిమాటతో కొనేది ఉంటే అదీ తీసెయ్. పిన్ పెడతానంటావేమో, నలుగురు కూర్చున్న హాల్లో గట్టిగా చెప్పాల్సిన పిన్ ఏం పిన్? అక్కడ మీ హాస్టల్లోనూ, ఫోన్ లాకులో ఉన్నప్పుడు మాటకు పలకకుండా సెట్టింగు మార్చుకో. గదిలో ముగ్గురుంటారు.

ఇన్నాళ్ళూ మేం దాంతో మాట్లాడినవి నీ యాప్‌లో ఉంటాయట. మీ నాన్న పాట దొరక్క తిట్టిన తిట్లు కూడా ఉండాలి. నవ్వుకుని చెరిపెయ్.

శనివారం పినాకిని రైలుకి రా, ఆదివారం చేపల పులుసు పెడతా. ప్లగ్గు పీకేశాను గానీ ఘంటసాల లేడని మీ నాన్న పొద్దున్నుంచీ విసుక్కుంటున్నారు, ఆ సెట్టింగులు మాత్రం ఈ రాత్రికే మార్చు.

ఇట్లు,
మీ అమ్మ