మన పార్కులకు ముందు నీడ కావాలి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో పార్కుల మాట వచ్చినప్పుడల్లా చర్చ నిధుల దగ్గర మొదలై నిధుల దగ్గరే ఆగిపోతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి పాఠశాలల్లో పనిచేసి, పదవీ విరమణ తరువాత రోజూ ఉదయం సాయంత్రం నడకకు వెళ్తున్న పౌరుడిగా నేను మరొక సంగతిని మీ పాఠకుల ముందు, నగర పాలకుల ముందు ఉంచదలచుకున్నాను. మన ఎండకు, మన వానకు సరిపడని పద్ధతిలో పార్కులు తయారుచేసుకుంటున్నంత కాలం ఎంత డబ్బు పెట్టినా అవి రెండు వేసవులు దాటి నిలవవు.

నేను చూసిందే చెబుతాను. మా కాలనీలో కొన్నేళ్ల క్రితం ఒక పార్కు వచ్చింది. ప్రహరీ, ఇనుప గేటు, నేలంతా పచ్చిక, అంచుల వెంట పూలమొక్కలు, మధ్యలో నీళ్లు చిమ్మే ఫౌంటెన్, రంగు టైల్స్ పరిచిన నడకదారి అన్నీ అమర్చారు. మొదటి ఏడాది సాయంత్రమైతే పిల్లల కేరింతలతో వీధంతా మారుమోగేది. రెండో వేసవికి బోరు ఎండిపోయింది. పచ్చిక ముందు పసుపురంగుకు తిరిగి, తరువాత మట్టిలో కలిసిపోయింది. ఫౌంటెన్ తొట్టిలో దుమ్ము, ఎండుటాకులు చేరాయి. ఈరోజు అక్కడ ప్రాణంతో నిలిచి ఉన్నది ఎవరూ నాటకుండానే ప్రహరీ పక్కన మొలిచిన ఒక వేపచెట్టు మాత్రమే. కాలనీలోని పెద్దవాళ్లు ఇళ్ల నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుని దాని కిందే కూర్చుంటారు. పార్కు ఎలా ఉండాలో ఆ ఒక్క చెట్టును చూస్తే తెలుస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

మన జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఇటువంటి చోట పచ్చిక పెంచడమంటే ఏమిటో ఒక్కసారి లెక్క వేసుకుందాం. వేసవిలో పచ్చిక బతకాలంటే రోజుకు కనీసం 5 మిల్లీమీటర్ల నీరు అవసరమనుకుంటే, మిల్లీమీటరు నీరంటే చదరపు మీటరుకు ఒక లీటరు కనుక, ఎకరం పచ్చికకు రోజూ 20 వేల లీటర్లు పోయాలి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న ప్రమాణంతో పోలిస్తే అది దాదాపు 150 మంది వాడుకునే నీరు. కుళాయి ఎప్పుడు వస్తుందా అని బిందెలు వరుసలో పెట్టుకునే వీధుల పక్కనే పచ్చికకు నీళ్లు పెట్టమని ఏ అధికారీ మనసారా చెప్పలేడు. అందుకే అది ఎండిపోతుంది. ఇందులో పార్కు తోటమాలి తప్పేమీ లేదు.

అదే ఎకరం నేల మీద ఏడాది పొడవునా పడే వాన 22 లక్షల లీటర్లు. ఆ నీటిని ప్రహరీ కింది తూముల గుండా రోడ్డు మీదికి వదిలేయకుండా, నేల వాలును బట్టి లోపలే రెండు మూడు ఇంకుడు గుంతలు తవ్వి నిలిపితే, నాటిన చెట్లు మూడేళ్లలో తమ వేళ్ల మీద తాము నిలబడతాయి. వేప, కానుగ, చింత మన నేలకు అలవాటుపడిన చెట్లు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చిన వేప ఉగాదికి కొత్త చిగురుతో, పూతతో నిండుతుంది. అంటే సరిగ్గా ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలకు దాని నీడ చిక్కబడుతుంది. 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. అయినా త్వరగా పచ్చగా కనబడుతుందన్న ఒకే కారణంతో పట్టణాల్లో కోనోకార్పస్ వంటి మొక్కలను వరుసలుగా నాటే అలవాటు పోలేదు. దాని పుప్పొడి ఆరోగ్యానికి హాని చేస్తుందనీ, వేళ్లు పైపులను, కాలువలను దెబ్బతీస్తాయనీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడమే నిషేధించింది.

చెట్టుతో పాటు కట్ట కూడా కావాలి. రావి, వేప జంటగా నాటి, చుట్టూ నడుమెత్తు కట్ట కట్టి, ఊరి పెద్దలు, బాటసారులు, పిల్లలు ఒకే చోట కూర్చునేలా రచ్చకట్టను ఏర్పాటు చేసుకున్నది మన పల్లెలే. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు అయిదెకరాల మేర నీడ పరచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కితే మనం ఎంతో గర్వపడ్డాం. ఆ ప్రాంతపు నగరంలో, నడి ఎండలో ఇనుప బెంచీలు వేసి, అవి కాలుతున్నాయని ఎవరూ కూర్చోకపోతే జనానికి పార్కుల మీద ఆసక్తి లేదనుకోవడం న్యాయం కాదు.

తెరిచి ఉంచే వేళల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా పార్కు గేటుకు ఉదయం తొమ్మిదికి తాళం పడుతుంది, మళ్లీ సాయంత్రం తీస్తారు, చీకటి పడగానే మూసేస్తారు. మే నెలలో మన ఊళ్లో గాలి చల్లబడేది రాత్రి ఏడు దాటాకే. ఇంటి పనులు ముగించుకుని స్త్రీలు బయటికి రాగలిగేదీ అప్పుడే. పగటిపూట నీడ అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది పల్లెల నుంచి ఆసుపత్రులకు, కార్యాలయాలకు వచ్చినవాళ్లకు, భవన నిర్మాణ కూలీలకు, అద్దె గదుల్లో ఇరుక్కుని పోటీ పరీక్షలకు చదువుకునే యువకులకు. రాత్రి తొమ్మిదిన్నర వరకు దీపాలు, స్త్రీలకు వేరుగా శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి, చక్రాల కుర్చీ లోపలికి వెళ్లగలిగే వాలుదారి ఉంటే చాలు. ఫౌంటెన్ లేకపోయినా ఎవరూ అడగరు.

ఇక స్థలాల సంగతి. లేఅవుట్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో 10 శాతాన్ని ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు ఉచితంగా రాసివ్వాలని మన రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాల ఏర్పాటును 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో చేర్చి పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనిగా గుర్తించింది. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. ఇంత రక్షణ ఉన్నా, తమ వీధి చివరి ఖాళీ జాగా ఎవరిదో కాలనీవాసులకు తెలియకపోవడం వల్లనే మొదట చెత్తకుప్ప, తరువాత ఇసుక గుట్ట, ఆ తరువాత గుడిసె, చివరికి గోడ వస్తాయి. అలాంటి ప్రతి స్థలంలో సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రజల ఆస్తి అన్న మాట రాసిన బోర్డు పాతించాలని కోరుతున్నాను. ఖర్చు స్వల్పం, ఫలితం ఆ రోజు నుంచే కనబడుతుంది.

ఆ జాగాలు నీడకు మాత్రమే కాదు. 2022 అక్టోబరులో పండమేరు, నడిమివంక వాగులు పొంగి నగరంలో కాలనీలు మునిగినప్పుడు, ఏళ్ల తరబడి కరువుతో అల్లాడిన ఊరు ఒక్క రాత్రిలో నీళ్లలో నిలబడింది. సిమెంటు వేయని ప్రతి ఎకరమూ ఆ వరదలో కొంత భాగాన్ని తాగి ఉండేది. కాబట్టి ఉన్న పార్కులలో టైల్స్ పరిచే పనులను ఇకనైనా ఆపాలి. నడకకు గట్టిపరిచిన ఎర్రమట్టి బాట చాలు, మోకాళ్లకు కూడా అదే మేలు.

పట్టణాల్లో సౌకర్యాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకంలో పార్కులకు, పచ్చదనానికి వేరుగా వాటా చూపారు. ఆ పథకంలో మన నగరానికి కూడా చోటు దక్కింది. అటువంటి నిధులు ఎప్పుడు వచ్చినా అందులో నిర్మాణానికి ఎంత, తరువాతి మూడేళ్ల నీటికి, కాపలాకు ఎంత అన్నది అంచనా దశలోనే విడివిడిగా రాసి వార్డు సచివాలయంలో అందరికీ కనబడేలా అంటించాలి. మూడేళ్లు నీళ్లు పోసే ఏర్పాటు లేని మొక్కను నాటకపోవడమే మంచిది.

తొలకరికి నాటాలంటే గుంతలు మే నెలాఖరుకే తీసి, పశువుల ఎరువు కలిపి ఆరబెట్టాలి. మా కాలనీ పార్కులో ఆ పని చేయడానికి, నాటినవాటికి వంతులు వేసుకుని మూడు వేసవులు నీళ్లు పోయడానికి మేం పన్నెండు మంది పెద్దవాళ్లం పేర్లు రాసుకుని సిద్ధంగా ఉన్నాం. మాకు డబ్బు అక్కర్లేదు. గేటు తాళంచెవి ఒకటి మాకు ఇప్పించవలసిందిగా మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం.