దగ్గరి ముఖం దగ్గర ఫోకస్ లాక్ వద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కొత్తగా కెమెరా కొన్నవారికి ఇచ్చిన సూచనలు చదివాను. కెమెరాలోంచి చూస్తే కనిపించే మధ్య ఫోకస్ చుక్కను ఎదుటివారి కంటిమీద పెట్టి, షట్టర్ బటన్ సగం నొక్కి ఫోకస్ లాక్ చేసి (అంటే అక్కడే నిలిపి ఉంచి), తర్వాత ఫ్రేము మార్చుకోవాలని, ఎప్పుడూ ఇదే పద్ధతి పాటించాలని రాశారు. ఆ ‘ఎప్పుడూ’ అన్న మాటతోనే నా పేచీ.

నేను 1994లో నికాన్ ఎఫ్.ఎం.2 అనే ఫిల్మ్ కెమెరాతో పని నేర్చుకున్నాను. దాని వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) నడిమధ్యన చిన్న గుండ్రటి గాజు ఉంటుంది. అందులో రెండుగా విడిపోయి కనిపించే బొమ్మ ఒకటైతే ఫోకస్ కుదిరినట్లు. మధ్యలో కుదుర్చుకుని కెమెరాను పక్కకు తిప్పడమే మాకు తెలిసిన దారి. డిజిటల్ వచ్చాక కూడా చేతికి ఆ అలవాటు పోలేదు.

దాని ఫలితం ఒక పెళ్లిలో చూశాను. జీలకర్ర బెల్లం వేళ. 50 ఎం.ఎం. లెన్స్, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) బాగా తెరిచి ఎఫ్ 1.8, పెళ్లికూతురు మీటరు దూరంలో ఉంది. ఆమె కంటిమీద లాక్ చేసి, వరుడి చేయి కూడా ఫ్రేములోకి వచ్చేలా కెమెరా తిప్పి నొక్కాను. రాత్రి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే, చెవి బుట్టకమ్మకున్న ముత్యాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. కనురెప్పలు మాత్రం అలుక్కుపోయాయి. ఆ ముహూర్తం మళ్లీ రాదు కదా! ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆ పెళ్లికూతురి ముఖంలోకి సూటిగా చూడలేకపోయాను.

కారణం ఇది. ఫోకస్ అంటే కెమెరా ఎదుట నిటారుగా నిలబెట్టిన గాజు పలక లాంటిది, ఆ పలక మీద ఉన్నదే స్పష్టంగా వస్తుంది. కెమెరా తిప్పితే ఆ పలక కూడా తిరిగి, కంటికి వెనక వైపు జరుగుతుంది. మీటరు దూరంలో 15 డిగ్రీలు తిప్పితే సుమారు 3.4 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 4 సెంటీమీటర్లు, అంటే కంటికి ముందు 2, వెనక 2. ఇక కన్ను ఎలా నిలుస్తుంది?

అందుకే దగ్గరి ముఖాలకు ఫోకస్ చుక్కనే కంటిమీదికి జరుపుకోండి. కెమెరా వెనకున్న బాణం మీటలతో రెండు క్షణాల పని. పాత కెమెరాల్లో పక్క చుక్కలు మసక వెలుతురులో తడబడతాయి. అప్పుడు మధ్య చుక్కే వాడండి, కానీ కెమెరా తిప్పకుండా అలాగే పక్కకు జరగండి, లేదా మోకాళ్లు వంచండి. దూరం మారకపోతే పలక కంటిమీదే ఉంటుంది.

లాక్ పద్ధతిని నేను తీసిపారేయడం లేదు. ఏటా శివరాత్రికి కోటప్పకొండ ప్రభలను అలాగే తీస్తాను. రాత్రి నల్లటి ఆకాశం మీద ఫోకస్ పట్టదు, లెన్స్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ప్రభ అంచున వెలిగే బల్బుల వరుస మీద పెడితే వెంటనే పట్టేస్తుంది. వేలు ఎత్తకుండా కెమెరా కిందికి దించి, కింద జనాన్ని కూడా ఫ్రేములోకి తెచ్చుకుంటాను. అంత దూరంలో ఆ కొద్ది తేడా లెక్కలోకి రాదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఫోకస్ నిరంతరం మారే మోడ్‌లో ఉంటే సగం నొక్కినా లాక్ కాదు.

ఈ సవరణను వచ్చే ఆదివారం అదే శీర్షికలో వేయవలసిందిగా కోరుతున్నాను. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, సెకండ్‌హ్యాండ్ కెమెరాలతో మొదటి పెళ్లికి బయల్దేరే పిల్లలు మా ఊళ్లోనే చాలామంది ఉన్నారు.

– ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్, నరసరావుపేట