గాజీ సరే, కృష్ణన్ గారేరీ?

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు 4 వస్తే చాలు, ప్రతి పత్రికలోనూ 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ కథ ఉంటుంది. మీ పత్రికలోనూ వేశారు, బాగుంది. అయితే 1971లో విశాఖ నుంచి తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ పేరు అందులో ఎక్కడా కనపడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలోనే డీఎస్సీ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్) అనే సాహస పతకం అందుకున్న మనిషి, 1961లో పోర్చుగీసుల నుంచి డయ్యూని విడిపించినప్పుడు అక్కడ పోరాడిన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఢిల్లీ కెప్టెన్ ఆయనే.

గాజీ మునగడం ఒక్క రాత్రి సంగతి. అంతకుముందు ఆయన పడ్డ టెన్షన్ చూడండి. మన విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు, దాంతో ఓడ స్పీడు పడిపోయింది, విమానాలు పైకి లేవాలంటేనేమో ఓడ గాలికి ఎదురు జోరుగా వెళ్లాలి. 1965 యుద్ధంలో రిపేర్లలో ఉండి ఏమీ చేయలేకపోయిన ఓడ అది, మళ్లీ రేవులో కూర్చోబెడితే నేవీ పరువేం కావాలి? కుంటి ఓడైనా సరే, దాన్నే బంగాళాఖాతంలో యుద్ధానికి దింపారు.

దాన్ని ముంచడానికే వచ్చిన గాజీ నుంచి దాన్ని దాచిన తీరు ఇంకా తమాషా. విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను విశాఖ సముద్రంలో విక్రాంత్‌లా నటించమన్నారు. పెద్ద ఓడ వస్తోందని ఊళ్లో గూఢచారులు నమ్మాలని మాంసం, కూరగాయలు భారీగా ఆర్డర్ పెట్టారు (అవన్నీ చివరికి ఎవరు తిన్నారో!). తల్లి ఆరోగ్యం ఎలా ఉందో చెప్పమని విక్రాంత్ నావికుడొకడు అడుగుతున్నట్టు ఓ మామూలు సందేశం కూడా శత్రువు చెవిన పడేలా పంపించారు.

గాజీని రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీటిలోపల పేలే బాంబులు) ముంచాయని మన నేవీ అంటుంది, లోపలి పేలుడో, తను పరిచిన మైనో కారణమని పాకిస్తాన్ వాళ్లంటారు. ఈ గొడవ తేలకపోయినా కృష్ణన్ గారికి వచ్చే లోటేమీ లేదు, ఎందుకంటే గాజీ విశాఖ ముందు కాపు కాస్తుంటే విక్రాంత్ ఎక్కడో అండమాన్‌లో క్షేమంగా ఉంది, 4వ తేదీ నుంచి దాని సీ హాక్ యుద్ధవిమానాలు తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) తీరంలోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద బాంబులు వేశాయి.

16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫొటో మీరు చాలాసార్లు వేశారు. వెనక నిలబడ్డవాళ్లలో ఈయనా ఉన్నారు, ఈసారి కింద పేరు కూడా వేయండి. అలాగని ఉత్త పొగడ్తలొద్దు. యుద్ధం చివర్లో కాక్స్ బజార్ ఒడ్డున సైన్యాన్ని దింపబోతే ఓడలు తీరానికి దూరంగానే ఇసుకలో ఇరుక్కుపోయాయి, లోతు తెలియని నీళ్లలోకి దిగి గూర్ఖా జవాన్లు మునిగిపోయారు, తీరా చూస్తే అక్కడ శత్రువే లేడు. ఆయన హయాంలో జరిగిందే కాబట్టి అదీ రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం