స్క్రీన్‌కు తెలుగు కొలతలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏఐ వచ్చింది కాబట్టి డిజైనర్ల పని అయిపోయిందనీ, కాదు, ఇప్పుడే మొదలైందనీ రెండు రకాల వ్యాసాలూ పత్రికల్లో వస్తున్నాయి. తెలుగు అక్షరం స్క్రీన్ మీద సరిగ్గా ఇమడాలంటే ఏం చేయాలన్నది మాత్రం రెండింటిలోనూ ఉండదు. విజయవాడ, గుంటూరుల్లో యాప్‌లు, కియోస్క్‌లు (జనం సేవలు తామే తీసుకునే టచ్ స్క్రీన్ యంత్రాలు) తయారుచేసే మాకు అసలు పేచీ అక్కడే.

ఇంటరాక్షన్ డిజైన్ అంటే మనిషి ఒక పని చేస్తే యంత్రం ఏం బదులివ్వాలి, ఎంతసేపట్లో ఇవ్వాలి అని తేల్చడం. అందరికీ తెలిసిన మంచి నమూనా ఓటింగ్ యంత్రం. నీలం మీట నొక్కగానే పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనబడుతుంది, బీప్ వినబడుతుంది. చదువు రానివాళ్లకు గుర్తు, చూపు లేనివాళ్లకు బ్రెయిలీ అంకె. పునుగుల బండి మీద యూపీఐ సౌండ్‌బాక్స్ కూడా అలాంటిదే. చేతులకు పిండి ఉన్నవాడు ఫోన్ ముట్టుకోకుండానే డబ్బు అందిందని చెవితో తెలుసుకుంటాడు.

ఈ విద్య చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1963లో ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ లైట్ పెన్‌తో స్క్రీన్ మీద బొమ్మలు గీశాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను జనం ముందు పెట్టాడు. తర్వాత 1973లో జిరాక్స్ ఆల్టో కంప్యూటర్, 1984లో ఆపిల్ మెకింటాష్ కంప్యూటర్, 2007లో ఐఫోన్. ఈ వంశంలో ఎవరికీ వత్తుతో పని పడలేదు. ఒక గీత మీద వరసగా కూర్చునే రోమన్ అక్షరాలకే మీటలు, గడులు, మెనూలు కొలిచారు. ఆ కొలతలే మనకూ వచ్చాయి.

మన డీటీపీ సెంటర్లు వాటిని తప్పించుకోవడానికి వేరే దారి పట్టాయి. అక్కడ వాడే ‘అను’ ఫాంట్ల ఫైళ్లలో కనబడేది తెలుగే కానీ లోపల ఉండేది ఇంగ్లీషు గుర్తుల సంకేతాలు. అందుకే ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే చెత్త కనబడుతుంది, వెతికితే దొరకదు, చూపు లేనివాళ్లకు రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉంది. అయినా మన ముద్రణాలయాల్లో ఏళ్లతరబడి కట్టిన పేజీల్లో ఎన్నో ఇంకా పాత సంకేతాల్లోనే ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా తెలుగు ఏఐ గురించి మాట్లాడటం ఉత్త మాటే. పెద్ద కంపెనీలైనా దెబ్బ తిననిదేం లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక రకంగా కూడి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. దాన్ని ఆపడానికి ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు మీటల సంగతి. వాట్సాప్ సేవల కాలం ఇది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ 2025 జనవరి 30న వాట్సాప్‌లోనే సేవలిచ్చే ‘మన మిత్ర’ తెచ్చింది. కొత్త యాప్ నేర్చుకోనక్కర్లేదు కాబట్టి ఆలోచన మంచిదే. అయితే వాట్సాప్ బిజినెస్‌లో జవాబు మీట మీద 20 క్యారెక్టర్లకు మించి పట్టవు. ‘ఆదాయ ధ్రువీకరణ పత్రం’ అనేది కంటికి 10 అక్షరాలు. యంత్రం మాత్రం గుణింతాన్నీ, పొల్లునూ, వత్తునూ, ఖాళీనీ విడివిడిగా లెక్కేసి సరిగ్గా 20 అంటుంది. అంచున పట్టింది. ‘కుల ధ్రువీకరణ పత్రం’ 19, దానికీ ఇబ్బంది లేదు. ‘నివాస ధ్రువీకరణ పత్రం’ 21, పట్టదు. కాబట్టి మీట మీద ‘ఆదాయం’, ‘కులం’, ‘నివాసం’ అని పెట్టి, ధ్రువీకరణ పత్రాలన్న మాట పైన సందేశంలో ఒక్కసారి రాయాలి. ఇది అనువాదం చేసేవాళ్ల పని కాదు, మెనూ గీసేవాళ్లు మొదటి రోజే చూసుకోవాల్సింది.

డేటాబేస్‌లోనూ ఇదే తంటా. యూనికోడ్‌ను దాచే మామూలు పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. ‘గుంటూరు’కు 21 కావాలి. ఊరి పేరుకు 20 బైట్ల గడి ఇస్తే చివరి కొమ్ము తెగి ‘గుంటూర’ పక్కన ప్రశ్నార్థకం మిగులుతుంది. ఎస్సెమ్మెస్‌కైతే ఇంగ్లీషులో 160 క్యారెక్టర్లు, తెలుగులో 70. అంతకు మించితే రెండో మెసేజ్ చార్జీ. ఓటీపీలు ఇంగ్లీషులోనే రావడానికి ఇదీ ఒక కారణం.

ఎత్తు విషయం మరీ ముఖ్యం. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అన్నప్పుడు వత్తు కింద వత్తు పడుతుంది. ఇంగ్లీషుకు సరిపోయే, అక్షరం సైజుకు 1.2 రెట్ల లైన్ ఎత్తులో అడుగు తెగిపోతుంది. 1.6 నుంచి మొదలుపెట్టి ఫాంటును బట్టి సర్దుకోవాలి. మీటకు ఎత్తు బిగించకూడదు. కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ వాడే స్క్రీన్ కొలత) ఉంచి, మాట రెండు లైన్లయితే మీటే పెరగాలి. ఆండ్రాయిడ్ కూడా ఇన్నాళ్లూ తెలుగుకు ఎత్తు తగ్గించిన కొలతలే మామూలుగా వాడింది. 15వ వెర్షన్‌కు తయారుచేసిన యాప్‌లకే పూర్తి ఎత్తు దానంతటదే వస్తోంది. పాత యాప్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు వరసలు పెరిగి అడుగున మీట స్క్రీన్ దాటి పోవచ్చు. చూసుకోండి.

రోహిణి కార్తె ఎండలో కియోస్క్ ముందు నిలబడితే లేత బూడిదరంగు అక్షరాలు అసలు కనబడవు. 999999 అనే రంగు కోడ్ ఉన్న బూడిదరంగుకూ తెలుపుకూ వెలుగులో తేడా 2.85:1 మాత్రమే, ఉండాల్సింది 4.5:1. ఇంకాస్త ముదురైన 767676కి దిగితే అంచున గట్టెక్కుతుంది. ఎండలో పెట్టే స్క్రీన్‌కు నలుపే వాడమంటాం. చెమట వేళ్లకు టచ్ స్క్రీన్ తికమకపడుతుంది కాబట్టి మీటల మధ్య ఖాళీ కూడా కావాలి.

‘చెల్లించు’ నొక్కాక ఏమీ కదలకపోతే ఎవరైనా రెండోసారి నొక్కుతారు. తప్పు వాళ్లది కాదు. స్పందన 0.1 సెకనులో వస్తే వెంటనే జరిగినట్టుంటుంది, 1 సెకను దాటితే ధ్యాస చెదురుతుంది, 10 దాటితే మనిషి వేరే పనిలో పడతాడు. తొలి నొక్కుకే మీట మూసుకుని ‘పంపుతున్నాం’ అని చూపాలి. లావాదేవీ నంబరు పేజీ తెరిచినప్పుడే పుట్టాలి, నొక్కినప్పుడు కాదు. అప్పుడు అదే నంబరు రెండుసార్లు వచ్చినా సర్వర్ ఒక్కటిగానే తీసుకుంటుంది.

రాబోయేది మాటతో నడిచే కాలమంటున్నారు, నిజమే. కానీ మనం డబ్బు చెప్పే తీరు వినండి: ‘రెండున్నర వేలు’, ‘పదిహేను వందలు’, ‘వెయ్యి నూటపదహార్లు’. యంత్రం విన్నదాన్ని అంకెల్లో చూపించి, పైకి చదివి, ‘అవును’ అనిపించుకున్నాకే ముందుకెళ్లాలి. పిన్ మాత్రం ఎప్పుడూ నోటితో అడగకూడదు. బస్టాండులో పది చెవులుంటాయి.

ఏఐ బొమ్మలకూ జాగ్రత్త కావాలి. బొమ్మలో తెలుగు రాయమంటే అది తరచూ లేని వత్తులు పుట్టిస్తుంది. రాతకు ఖాళీ వదిలిన బొమ్మే అడిగి, మాటలు యూనికోడ్ ఫాంటులో మీరే టైప్ చేయండి. పాత ఫొటోషాప్‌లో టైప్ సెట్టింగుల్లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ఫ్లెక్సీకి పంపేముందు అక్షరాలను కర్వ్స్ చేయండి, అంటే ఫాంటు లేకపోయినా చెదరని గీతలుగా మార్చండి, మార్చుకోవడానికి వీలుగా ఒక కాపీ దాచుకోండి.

కాలేజీలకు ఖరీదైన ల్యాబు అక్కర్లేదు. స్క్రీన్ మీద బొమ్మలు కదిలించే ప్రోగ్రాములు రాయడానికి 2001 నాటి ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్, మీటలూ దీపాలూ నడపడానికి 2005లో ఇటలీలోని ఇవ్రియా ఇంటరాక్షన్ డిజైన్ సంస్థలో పుట్టిన ఆర్డువినో సర్క్యూట్ బోర్డు చాలు. మొదటిది ఉచితం, రెండోదాని సర్క్యూట్ ఎవరైనా చేసుకునేలా బహిరంగంగా ఉంది.

ప్రజలకిచ్చే ఏ స్క్రీన్ టెండరులోనైనా రెండు షరతులు చేర్చమని అధికారులను కోరుతున్నాం. ‘స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, గుంటూరు’ అన్న మాటలు ప్రతి గడిలో, ప్రతి మీట మీద, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి కూడా తెగకుండా రావాలి. మధ్యాహ్నం ఎండలో ఐదుగురు మామూలు మనుషులకు ఆ స్క్రీన్ ఇచ్చి, పక్కనున్నవాళ్లు నోరు మెదపకుండా చూడాలి. ఎవరు ఎక్కడ ఆగారో రాసుకుని, అది సరిచేసి, ఇంకో ఐదుగురికి చూపించాకే బిల్లు చెల్లించాలి.

ఇట్లు,
తెలుగు ఇంటర్‌ఫేస్ డిజైనర్లు కొందరు,
విజయవాడ