బిల్లు ఎక్కువైందంటే చాలదు, ఏ పద్దు ఎక్కువో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

'ఒకసారి సలహా అడిగి వద్దాం' అని లాయర్ దగ్గరికి వెళ్లొచ్చాక అనుకోని బిల్లు వస్తే, కొందరు గొడవెందుకని మొత్తం కట్టేస్తారు, కొందరు కోపంతో పక్కన పడేస్తారు. రెండూ నష్టమే. పలక్కుండా ఊరుకుంటే, బిల్లును ఒప్పుకున్నారనే వాదనకు అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఫీజు ప్రస్తావన ఎప్పుడు వచ్చిందో ముందు చూసుకోవాలి. అపాయింట్‌మెంట్ మెసేజ్, ఆఫీసులో సంతకం పెట్టిన ఫారం, ఈమెయిల్ అడుగున ఉన్న చిన్న అక్షరాలు అన్నీ బయటికి తీయండి. 'మొదటి సంప్రదింపు ఉచితం' అన్నా, ఆ ఉచితం ఎదురుగా కూర్చున్న కాసేపటికే కావచ్చు. ఇంటికొచ్చాక మీరు పంపిన దస్తావేజులు చదివినందుకు, వాట్సాప్‌లో అడిగిన సందేహానికి జవాబిచ్చినందుకు వేరే లెక్క మొదలవుతుంది. చాలా పేచీలు పుట్టేది ఇక్కడే.

తర్వాత పద్దులవారీ వివరం రాతపూర్వకంగా అడగండి. ఏ తేదీన, ఎవరు, ఏ పని, ఎంతసేపు, గంటకు ఎంత అన్నవి అందులో ఉండాలి. 'వృత్తిపరమైన సేవలు' అని ఒకే వరుసలో మొత్తం వేస్తే సరిచూడటం ఎవరి తరమూ కాదు. వివరం చేతికొచ్చాక మీ ఫోన్ కాల్ లాగ్ పక్కన పెట్టుకోండి. గంటల లెక్కన ఫీజు వేసే చోట 0.1 అంటే గంటలో పదో వంతు, 6 నిమిషాలు. 0.3 చూసి అరగంట అనుకోవద్దు, అది 18 నిమిషాలే. కొన్ని ఆఫీసుల్లో కనీస యూనిట్, అంటే పని ఎంత చిన్నదైనా లెక్కలో వేసే కనీస సమయం, 15 నిమిషాలు. రెండేసి నిమిషాల కాల్స్ పది చేస్తే మాట్లాడింది 20 నిమిషాలు. అదే 6 నిమిషాల యూనిట్‌లో గంట అవుతుంది, 15 నిమిషాల యూనిట్‌లో రెండున్నర గంటలు! ఈ పద్ధతి ముందే చెప్పి ఉంటే వాదించడం కష్టం. చెప్పకుండా వేస్తే మీ అభ్యంతరానికి అదే గట్టి పట్టు. పక్కన కూర్చుని విన్న జూనియర్ సమయం, లాయర్ రేటుకే వేసిన జిరాక్సు పని, బిల్లు గురించి అడిగిన కాల్‌కు వేసిన ఫీజు కూడా వెతకండి.

అభ్యంతరం ఫోన్‌లో కాదు, రాసి పంపాలి. ఫలానా తేదీ పద్దు, కారణం, ఎంత తగ్గించాలి అన్నది తేల్చి చెప్పి, జవాబుకు 14 రోజులు గడువివ్వండి. ఒప్పుకున్న పద్దుల డబ్బు కట్టేస్తూ, 'ఈ చెల్లింపు వీటికి మాత్రమే, మిగతావాటిపై అభ్యంతరం అలాగే ఉంది' అని తప్పక రాయండి. ఒరిజినల్ కాగితాలు అక్కడ ఉంటే జాబితా రాసి విడిగా అడగండి. కేసు గడువు దగ్గరపడుతుంటే మాత్రం బిల్లు తేలేదాకా ఆగొద్దు, ఆ నష్టం బిల్లుకంటే పెద్దది.

అప్పటికీ తేలకపోతే లాయర్లను నియంత్రించే సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. కొన్నిచోట్ల ఫీజు తగాదాలకు మధ్యవర్తిత్వం కూడా ఉంటుంది. ఫిర్యాదుకు గడువెంతో ముందే కనుక్కోండి. 'చాలా ఎక్కువ' అన్న మాటకంటే 'ముందు చెప్పలేదు', 'చేయని పనికి వేశారు' అన్నవాటికి అక్కడ బలం ఎక్కువ.

లాయర్లకూ ఒక విన్నపం. అపాయింట్‌మెంట్ ఖాయం చేసే మెసేజ్‌లోనే గంట రేటు, కనీస యూనిట్, ఉచితం ఎన్ని నిమిషాలో రాసి పంపండి.

- ఒక పాఠకుడు